చెంగమ్మ ఇచ్చిన అనుమతి

దేవుణ్ణి వెతుక్కుంటూ ఆ ఇంట్లోంచి మొదట బయలుదేరింది చెంగమ్మ. కాషాయం కట్టింది మాత్రం ఆమె మొగుడు నారాయణప్ప. ఇందులో దేవుడి పాలు ఎంతో, మనుషుల పాలు ఎంతో తేల్చే ఓపిక ఉన్నవాళ్ళు తేల్చుకోవచ్చు. జరిగింది మాత్రం ఇది.

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెకు పోయే దోవలో నారాయణప్పకు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఉండేది. చుట్టుపక్కల టమాటా రైతుల బోర్లలో కాలిపోయిన మోటార్లు ఆయన దగ్గరికే వచ్చేవి. మనిషి చెడ్డవాడేం కాదు. తాగడు, పెండ్లాన్ని కొట్టడు. ఈ రెండు పనులూ చేయనందుకే వీధిలో ఆడవాళ్ళందరూ చెంగమ్మను అదృష్టవంతురాలి కింద జమకట్టేశారు. ఆయనకు కరెంటు మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. శివరాత్రికి కూడా షాపు మూసేవాడు కాదు. పొద్దున కాఫీ చేతికి రావాలి, టిఫిను పళ్ళెంలోకి రావాలి, మధ్యాహ్నం క్యారియరు షాపుకు రావాలి. అవి వచ్చే దోవలో ఒక మనిషి ఉందన్న సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

కూతురు రేఖను పుంగనూరులో ఇచ్చారు. ఆమె రెండో కాన్పుకు సాయంగా పోయి చెంగమ్మ కొన్నాళ్ళు అక్కడ ఉంది. ఒక సాయంత్రం పక్కింటివాళ్ళు కల్యాణమండపంలో సత్సంగం ఉందని పిలుచుకుపోయారు. కుప్పం దగ్గరి ఆశ్రమం నుంచి పెద్దస్వామి వచ్చి ఉన్నారు. ఆయన చెప్పినదాంట్లో సగం ఆమెకు అర్థం కాలేదు. సాక్షి అన్నారు, ఉపాధి అన్నారు, అద్దంలో మొహం అన్నారు. అర్థమైన కాస్తా మాత్రం లోపలికంటా దిగింది.

"పొద్దున్నే లేసి ఊరికే కూర్చోండమ్మా. నమశ్శివాయ అనుకుంటా ఉండండి. బిడ్డ బాగుండాల, మొగుడు బాగుండాల అని అడగద్దండి. ఏమీ అడగద్దండి. అడిగేది యాడ నిలిచిపోతుందో ఆడ ఆయన ఉండాడు."

ఏమీ అడగకుండా దేవుడి ముందు కూర్చోవచ్చని చెంగమ్మకు అంతవరకూ తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన దండం అంటేనే ఒక కోరిక. జ్వరం తగ్గాలని, వాన రావాలని, బిడ్డకు మంచి సంబంధం కుదరాలని. అవన్నీ పక్కన పెట్టి కూర్చుంటే ఏం మిగులుతుందో చూడాలనిపించింది.

మదనపల్లెకు తిరిగి వచ్చాక వంటింట్లో దేవుడి గూటి ముందు పీట వేసుకుని తెల్లవారుజామున కూర్చోవడం మొదలుపెట్టింది. చాలా రోజులు ఏమీ జరగలేదు. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి కూర్చుంది. కాసేపటికి జపం దానంతట అదే నడవసాగింది. నాలుక ఆడటం లేదు. ఆమె అనడం లేదు. అది జరుగుతూ ఉంది, ఆమె పక్కన కూర్చుని వింటూ ఉంది. ఆ తర్వాత ఆ వినడం కూడా లేదు. కండ్లు తెరిచేటప్పటికి పాలు పొంగి, మంట ఆరి, ఇల్లంతా గ్యాసు వాసన. నారాయణప్ప సిలిండరు కట్టేసి కిటికీలు తెరుస్తూ, "ఇంటికి నిప్పు పెడతావా ఏమ్మే" అని అరుస్తున్నాడు.

ఆయన తిట్టినవి ఒక్కటీ ఆమె చెవికి ఎక్కలేదు. ఇంత నెమ్మది ఉంటుందని తెలియకుండానే యాభై ఏండ్లు బతికేశానే అని ఏడుపు వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే. అది మళ్ళీ రావాలి, వచ్చి నిలవాలి. నగ అక్కర్లేదు, ఇల్లు అక్కర్లేదు, ఆ కాస్తా చాలు.

అది మళ్ళీ రాలేదు. పుంగనూరు సత్సంగంవాళ్ళను ఫోనులో అడిగితే, ఉపదేశం తీసుకోకుండా అట్లాంటివి నిలబడవమ్మా, కుప్పం పోయి స్వామి కాళ్ళు పట్టుకో అన్నారు. కుప్పం పోవాలంటే పుంగనూరు, పలమనేరు దాటుకుని పోవాలి. ఒంటరిగా పంపడానికి నారాయణప్ప ఒప్పుకోలేదు. ఆయనను కదిలించడానికి చెంగమ్మకు తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి, ఈ పిచ్చి ఇంతటితో వదిలిపోతుందంటే సరే పదమన్నాడు.

ఆశ్రమంలో ఆమె పెద్దస్వామి కాళ్ళకు మొక్కి ఉపదేశం అడిగింది. నారాయణప్ప మొక్కలేదు. గోడకు ఆనుకుని బయటి దోవ చూస్తూ నిలబడ్డాడు. పెద్దస్వామి ఆయన్నే చూస్తూ ఉండిపోయారు.

"నీకేం కావాలప్పా" అని అడిగారు.

"నాకేం వద్దు సామీ" అన్నాడు నారాయణప్ప. ఆయనకు కావలసింది పలమనేరు బస్సు ఒక్కటే. అది స్వామి ఇచ్చేది కాదు గనుక అడగలేదు.

పెద్దస్వామి మొహం వెలిగిపోయింది. ఈ గడప తొక్కినవాళ్ళందరూ ఏదో ఒకటి అడిగినవాళ్ళేననీ, ఇట్లాంటి మాట విని ఎన్నేండ్లయిందోననీ అందరూ వినేటట్టు అన్నారు. ఎన్నో జన్మల వైరాగ్యం ఉంటే తప్ప ఆ మాట నోటికి రాదన్నారు. మోటారు నారాయణప్ప అని తప్ప ఎవరూ ఇంకో పేరుతో పిలవని మనిషి. ఆ మాటకు గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి ముందు కూర్చున్నాడు.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. మొగుడూ పెండ్లాలను ఒకే పీట మీద కూర్చోబెడతారు. మంత్రం గురువు మొగుడి చెవిలో చెబుతాడు. మొగుడు ఇంటికి పోయి పెండ్లాం చెవిలో చెబుతాడు. ఆడదానికి మొగుడే గురువని లెక్క. అట్లా చెంగమ్మ అడిగిన ఉపదేశం నారాయణప్ప చెవిలోకి పోయింది.

బస్సులోనే ఆమె ఆగలేక అడిగింది. "ఏం చెప్పినారప్పా?"

"బస్సులో చెప్పేదా? ఇంటికి పోనీ."

ఇంటికి పోయినాక, స్నానం చేసి చెబుతానన్నాడు. స్నానం చేసినాక, మంచిరోజు చూడాలన్నాడు. మంచిరోజు వచ్చేలోపల ఆయనే ముందు గదిలో ఆశ్రమం నుంచి తెచ్చిన చాప పరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట సరదాకు, తర్వాత నిజంగానే. అబద్ధం ఎందుకు, ఆయన కూర్చోవడంలో నాటకం లేదు. తీగ చుట్టడానికి కూర్చున్నా అంతే, ఒకసారి కూర్చుంటే లేచే మనిషి కాదు. కానీ ఆయన కూర్చుంటే ఇల్లంతా నిలబడాలి. కుక్కరు విజిలు వేయకూడదు. కొళాయి తిప్పకూడదు. ఉల్లిపాయ, తెల్లగడ్డ లేకుండా వండాలి. ఆ వంట వేడిగా ఉండాలి. చెంగమ్మ కూర్చునే వేళ ఆయన వేన్నీళ్ళ వేళ అయింది. దేవుడి గూటి ముందు పీట ఒక మూలకు పోయింది.

"ఆ మంత్రం చెప్పరాదా" అని ఆమె అడుగుతూనే ఉంది.

"నీకింకా పక్వం రాలేదు" అన్నాడు ఆయన. ఆ పక్వం అన్న మాట ఆయనకు ఏడాది కిందట తెలియదు. కుప్పం నుంచి తెచ్చుకుని పెండ్లాం మీదనే మొదట వాడాడు.

రెండేండ్లు తిరిగేసరికి ఆయనకు సన్న్యాసం కావాలనిపించింది. షాపును తన దగ్గర పనిచేసే వెంకటేశులుకు బాడుగకు ఇచ్చేశాడు. రేఖ ఏడ్చింది, అల్లుడు కోప్పడ్డాడు, ఆయన కదలలేదు. పని ముందుకు సాగనిది ఒక్కచోటే. సన్న్యాసం ఇవ్వాలంటే పెండ్లాం నోటితో అనుమతి చెప్పాలి, అదీ హోమం ముందు నిలబడి. అది లేకుండా పెద్దస్వామి కాషాయం ఇవ్వరు. పెండ్లయినప్పటి నుంచీ మొదటిసారి నారాయణప్పకు చెంగమ్మతో పని పడింది. వంటింటి గడప మీద వచ్చి కూర్చున్నాడు.

"అడ్డం పడద్దు చెంగమ్మా. నీకూ పుణ్యం వస్తుంది."

"నీ పుణ్యం నాకొద్దు. ఆ మంత్రం చెప్పు, అనుమతి ఇస్తా."

ఆయన లేచి వాకిలి మూశాడు. వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "నమశ్శివాయ."

చెంగమ్మ ఇంకా ఏమన్నా ఉందేమోనని చెవి అట్లే పెట్టుకుని ఉంది. ఏమీ లేదు.

"అంతేనా?"

"అంతే."

పుంగనూరు మండపంలో అందరికీ వినబడేటట్టు మైకులో చెప్పిన మాట. ఆటోల వెనక రాసుకునే మాట. ఆమె రోజూ అనుకుంటున్న మాటే. దాన్ని రెండేండ్లు తన దగ్గర దాచిపెట్టి, నీకు అర్హత లేదని ఆయన చెప్పాడు. ఉండబట్టలేక నవ్వింది. నవ్వుతూ ఉంటేనే కోపం వచ్చింది. రెండేండ్లు కూర్చోనివ్వలేదు గదరా దేవుడా అనిపించింది. పోతే పోనీ, పొద్దున లేస్తే వంటిల్లు నాదవుతుంది అనిపించింది. చెంగమ్మ అనుమతి ఇచ్చింది భక్తితో కాదు. రోసిపోయి ఇచ్చింది.

కుప్పంలో ఆయన గుండు చేయించుకుని, తన పెద్దలకు పిండాలు పెట్టి, చివరికి తనకు తాను పిండం పెట్టుకున్నాడు. ఇంక లోకానికి నారాయణప్ప లేడని దాని అర్థం. ఆమె ఎదురుగా కూర్చుని అదంతా చూసింది.

"మనస్ఫూర్తిగా అంటాండావా తల్లీ?" అని పెద్దస్వామి అడిగారు.

"అంటాండా సామీ" అంది.

తర్వాత ఆమెను ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మొగుడు చచ్చినట్టా బతికినట్టా? ఆశ్రమం ఆడవాళ్ళు కాలి మెట్టెలు తీసేశారు. తాళి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. పెద్దస్వామి ఆలోచించి, దాన్ని దేవుడికి అప్పగించమన్నారు. ఇంటికి తెచ్చి గూట్లో శివుడి పటం ముందు పెట్టింది.

వీధిలోవాళ్ళు ఇంకా ఇబ్బంది పడ్డారు. వరలక్ష్మీవ్రతం నాడు ఎదురింటి సంగీత పసుపు కుంకుమల తట్ట పట్టుకుని వరసగా వస్తూ చెంగమ్మ గడప దగ్గర ఆగింది. ఇవ్వాలా వద్దా తోచక, ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని మొహం చాటేసి పోయింది. పెండ్లికి పిలవాలంటే అనుమానం, చావుకు పిలవాలంటే అనుమానం. రెండింటికీ పిలవడం మానేశారు. పక్కింటి మైమూన్ బీ ఒక్కతే ఎప్పటిలాగా వచ్చేది. ఇద్దరూ కలిసి చీరలకు ఫాల్సు కుట్టేవాళ్ళు. ఆ కుట్టుపనీ, షాపు బాడుగా చెంగమ్మకు సరిపోయేవి.

"పిలవకపోతే పీడ పోయిందిలే అక్కా. నీకు టైం దొరికింది గదా" అనేది మైమూన్ బీ. నిజమే. జీవితంలో మొదటిసారి ఆమె పొద్దు ఆమెదయింది.

కూర్చుంది. మొదటి ఏడాది కూర్చుంటే ఎదురుగా దేవుడు రాలేదు, నారాయణప్ప వచ్చాడు. పక్వం రాలేదనే నారాయణప్ప, బస్సులో నోరు విప్పని నారాయణప్ప. నమశ్శివాయ అంటూ ఉంటేనే పండ్లు బిగుసుకునేవి. ఇది జపమా, తిట్లా అని తన మీద తనకే ఒళ్ళు మండేది. అయినా లేవలేదు. కోపం ఎంతసేపు ఉంటుందో ఉండనీ అని దాన్ని కూడా కూర్చోబెట్టుకుంది. రెండో ఏడాదికి ఆ కోపం పలచబడింది. ఆయన మొహం వచ్చినా, దోవన పోయేవాడి మొహం వచ్చినట్టు వచ్చి పోయేది. ఒకనాడు ఆయన బాగుండనీలే అనిపించింది. అది కూడా అడగడమే గదా అని నవ్వుకుని వదిలేసింది.

మూడో ఏడాది, పాలు పొంగిన నాటిది మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె గాభరా పడలేదు. పట్టుకోబోలేదు. పోయింది, మళ్ళీ వచ్చింది. వస్తూ పోతూ ఉండేది. ఫాల్సు కుడుతున్నప్పుడు కూడా లోపల ఎక్కడో ఆ నెమ్మది సన్నగా ఆడుతూ ఉండేది. దేవుణ్ణి చూశానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. గడప దాకా వచ్చానని మాత్రం అనుకుంది. ఇంక కొంచెం కూర్చోవాలి, అంతే.

అప్పుడు కుప్పం నుంచి ఫోను వచ్చింది. ఆశ్రమం మేనేజరు భీమరావు.

"స్వామికి సుగరు ఎక్కువయిందమ్మా. కాలికి పుండు పడి బొటనవేలు నల్లగయింది. ఈడ చూసుకునేవాళ్ళు లేరు. మీరొచ్చి పిలుచుకుపోవాల."

"ఏ స్వామి?"

"అదేనమ్మా, మీ ఆయన."

"మా ఆయన పోయినాడు సార్. నా ఎదురుగానే పిండం పెట్టినారు. మీరూ ఆడనే ఉంటిరి గదా."

"అదంతా శాస్త్రమమ్మా. పుండుకు శాస్త్రం తెలీదు గదా" అన్నాడు భీమరావు.

ఆమె ఆ ఫోను పెట్టేసింది. రేఖకు ఫోను చేసి, నాయనను కొన్నాళ్ళు పుంగనూరులో ఉంచుకోమని అడిగింది. "ఇద్దరు పిల్లోళ్ళు, అత్తామామ, రెండే రూములు. యాడ పెట్టుకునేదిమా?" అని రేఖ ఏడ్చింది. అదీ నిజమే. మరుసటి రోజు ఆశ్రమం కారు వచ్చి ఆయనను వాకిట్లో దించి పోయింది. కాషాయం మాసిపోయి ఉంది. మనిషి సగమయ్యాడు. చెంగమ్మకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు భయం కూడా వేసింది. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. రెండు వేళ్ళు తీసేసి, ప్రాణానికి ముప్పు లేదని చెప్పి పంపారు.

వీధి వీధంతా పండగ చేసుకుంది. ఇన్నేండ్లు తట్ట పట్టుకుని గడప దాటిపోయిన సంగీత ముందుగా వచ్చింది.

"నీ తపస్సు ఊరికే పోలేదు పెద్దమ్మా. పొద్దున్నే లేసి కూర్చుంటావంటే మేం అనుకోలేదా, మొగుడి కోసరమే అని. దేవుడు నీ మొర ఆలకించినాడు."

చెంగమ్మ ఆమె మొహం చూసింది. వెక్కిరించడం లేదు, నిజంగానే సంతోషంగా ఉంది. నేను మొర పెట్టుకోలేదమ్మా అని చెబితే అర్థమయ్యేది కాదు. ఆమె కూర్చున్న పొద్దులన్నీ ఈ మంచం మీది మనిషి ఖాతాలోకి పోయాయి.

రేఖ వచ్చి పురోహితుణ్ణి అడిగితే ఆయన ఒక చిక్కు చెప్పాడు. తనకు తాను పిండం పెట్టుకున్నవాడు చచ్చినవాడి కింద లెక్క. అట్లాంటివాడు ఇంట్లో ఉండి అన్నం తినాలంటే మళ్ళీ పుట్టాలి. అంటే పుట్టిన బిడ్డకు చేసే తంతు, పేరు పెట్టే తంతు అన్నీ చేయాలి. ఆ తర్వాత పెండ్లి. పెండ్లి ఎవరితో అంటే ఉన్న పెండ్లాంతోనే. తంతు కాకుండా ఒకే ఇంట్లో ఉంటే దోషమన్నాడు.

"నన్ను ఒక మాట అడగరా?" అంది చెంగమ్మ.

"నిన్ను అడిగేదేముందిమా, నీ మొగుడే గదా" అంది రేఖ. ఆమె అప్పటికే ఫోనులో చీర రంగులు చూస్తోంది.

ఆయన సన్న్యాసానికి పోయేటప్పుడు హోమం ముందు నిలబెట్టి, మనస్ఫూర్తిగా అంటాండావా అని అడిగారు. తిరిగి వచ్చేటప్పుడు అడిగే తంతు ఏ శాస్త్రంలోనూ రాయలేదు కాబోలు. వద్దు అని గట్టిగా అనవచ్చు. ఆమె చాలాసార్లు అనుకుంది. అంటే, కాలు బాగాలేని మనిషిని వీధిలో పడేసిన ఆడది అంటారు. అన్నా పడేది గానీ, నిజంగా పడేయడానికి ఆమెకు చేయి రాలేదు. ఇన్నేండ్ల జపం ఆమెకు ఇచ్చింది ఇదే, కొంచెం మెత్తదనం. దాన్ని పట్టుకునే ఆమెను కట్టేశారు.

నారాయణప్పకు తలంటు పోసి, నాలుకకు తేనె రాసి, పళ్ళెంలో బియ్యం మీద నారాయణప్ప అని మళ్ళీ పేరు రాశారు. అరవైకి దగ్గరపడిన మనిషి చిన్నబిడ్డలాగా నాలుక చాపాడు. తర్వాత గూట్లో శివుడి పటం ముందు నుంచి తాళి తీసుకుని, కొత్త పసుపుతాడు ఎక్కించి, కుర్చీలోంచి లేవకుండానే ఆమె మెడలో కట్టాడు. దేవుడికి ఇచ్చినది తిరిగి తీసుకున్నారని ఎవరికీ అనిపించలేదు. సంగీత ఫోటోలు తీసింది. మైమూన్ బీ ఒక పక్కన నిలబడి, అక్షింతలు చేతిలోనే పెట్టుకుని ఉండిపోయింది.

పంచలో మంచం వేశారు. అది మొదలు "ఏమ్మే" అన్న పిలుపు తెల్లవారుజామున మొదలయ్యేది. కాఫీ, మాత్ర, పుండుకు గుడ్డ, సూది, ఒంటేలు డబ్బా. ఆమె పీట వేసుకునే వేళకే ఆయనకు అన్నీ గుర్తొచ్చేవి. కాసేపు పిలవద్దని ఒకరోజు చెప్పి చూసింది.

"సేవ కంటే పెద్ద ధ్యానం ఉండాదా? నేను మూడేండ్లు ఆడ ఉండి నేర్చుకునింది అదే" అన్నాడు ఆయన. నేర్చుకున్నది ఆయన, చేయాల్సింది ఈమె.

పెద్దస్వామి దగ్గర ఉండి వచ్చిన మనిషని చూడటానికి జనం వచ్చేవాళ్ళు. మంచం మీద దిండుకు ఆనుకుని ఆయన వాళ్ళకు సాక్షి గురించీ, అద్దంలో మొహం గురించీ చెప్పేవాడు. ఒక సాయంత్రం బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాఫీ గ్లాసు అందుకుంటూ, "అమ్మ గూడా ఏమన్నా జపం గిపం చేస్తాదా స్వామీ?" అని అడిగాడు.

"ఆమెకు అవన్నీ యాడ కుదుర్తాయప్పా. పాపం, మంచిది. పనికి వెనకాడదు" అన్నాడు నారాయణప్ప. ప్రేమగానే అన్నాడు.

చెంగమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఫాల్సు ఇవ్వడానికి వచ్చి గడప దగ్గర నిలబడిన మైమూన్ బీ ఆ మాట విన్నది. వచ్చినవాళ్ళు పోయేదాకా ఆగి మంచం దగ్గరికి పోయింది.

"అన్నా, మేము నమాజులో ఉండేటప్పుడు ఇల్లు కాలినా మమ్మల్ని పిలవరు. మా ఇంట్లో చంటిపిల్లోనికి గూడా తెలుసు ఆ సంగతి. అక్క కూర్చుంటే నువ్వు యాల పిలుస్తాండావు? మూడేండ్లు ఆయమ్మ ఎట్ల కూర్చునిందో నేను చూసినా. నువ్వు చూడలేదు."

నారాయణప్ప ఆ సాయంత్రమంతా ఆలోచిస్తున్నవాడిలాగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి తెల్లవారుజామున ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చెంగమ్మ పీట వేసుకుని కూర్చుంది. నామం మొదలయింది. కొంత దూరం బాగానే నడిచింది. లోపల ఏదో సర్దుకుంటున్నట్టు, తనకు తెలిసిన చోటికే దోవ పడుతున్నట్టు అనిపించింది. అంతలో పంచలో మంచం కిర్రుమంది. ఆయన పక్కకు తిరిగాడంతే, పిలవలేదు. ఆమె పెదవుల మీద నామం ఆగిపోయింది. దాని చోట వేరే మాట వచ్చింది.

"తీసుకుపో సామీ. ఈ మనిషిని తొందరగా తీసుకుపో."

ఆమె అనుకోలేదు. అదే వచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. నమశ్శివాయ అనబోతే మళ్ళీ అదే. ఏమీ అడగకుండా కూర్చోవడం నేర్చుకున్న ఆడది ఇప్పుడు అడుగుతోంది, అడుగుతున్నది ఒక మనిషి చావు. అడగడంలో అరమరికలు లేవు, జపం కూడా ఎన్నడూ ఇంత నిండు మనసుతో చేయలేదు. చెంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కండ్లు తెరిచింది. దీపం మామూలుగా వెలుగుతూ ఉంది.

పీట జరిగిన చప్పుడు విని నారాయణప్ప పంచలోంచి మెల్లగా పలికాడు. "లేస్తాండావా? యాల? నాకేం తొందర లేదు. కాఫీ తర్వాత ఇద్దువు గానీ. నువ్వు కూర్చో చెంగమ్మా, నేను పిలవనులే."

పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె గూటి వైపు చూసింది. మళ్ళీ కూర్చోవాలంటే భయం వేసింది.

"వద్దులే, అయిపోయింది" అని లేచి పొయ్యి వెలిగించింది.